విలేకరి కావాలంటే జర్నలిజం డిగ్రీ తప్పనిసరా?

అక్కర్లేదు, మన దేశంలో విలేకరిగా పనిచేయడానికి జర్నలిజం డిగ్రీ గానీ లైసెన్సు గానీ ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు విలేకర్లను నమోదు చేసే సంస్థ లేదు. వార్త రాసే హక్కు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ ప్రతి పౌరుడికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలోనిదే. అర్హతలు పెట్టేది ఉద్యోగమిచ్చే పత్రికో, చానెలో. ఆఫీసులో వార్తలు దిద్దే విభాగమైన డెస్కులో సబ్‌ఎడిటర్ పోస్టుకైతే సాధారణంగా ఏదో ఒక డిగ్రీ, రాతపరీక్ష అడుగుతారు.

కావలి దగ్గర బీకాం చదివిన కుర్రాడు మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే మండలం నుంచి వార్తలు పంపే విలేకరిగా చేరాడనుకోండి. 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిపోయిందని రాయాలంటే చెరువు గట్టు మీద రైతు చెప్పే రేటు, కొనేవాళ్లు చెప్పే రేటు రెండూ కనుక్కోవాలి, మేత ఖర్చెంతో అడగాలి. డెస్కు చూసేది అదే, పట్టా కాదు. కాకపోతే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెలజీతం ఉండదు, వచ్చే డబ్బులు పెట్రోలుకే చాలవు. ఇది చేరేముందే అడిగి తెలుసుకోవాలి.

అక్రిడిటేషన్ కార్డే లైసెన్సు అని చాలామంది పొరబడతారు. అది సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే గుర్తింపు, బస్సు రాయితీ లాంటి సదుపాయాల కోసం. లేకపోయినా వార్త రాయొచ్చు. బండికి ‘ప్రెస్’ స్టిక్కర్ అంటించుకున్నంత మాత్రాన విలేకరి అయిపోరు, అది వేరే సంగతి.