ఆన్‌లైన్ ఆటల గేరులో వెనకబడ్డారా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 14 ఫ్రీ ట్రయల్‌లో లెవెల్ 50కి వచ్చాను. తర్వాతి డంజన్‌కి ఐటమ్ లెవెల్ (గేరు, అంటే ఆయుధం, కవచం, నగల బలం చూపే అంకె) చాలదంటోంది. చేతిలో 1,700 పొయెటిక్స్ (గేరు కొనే టోకెన్లు) ఉన్నాయి. ముందు ముందు పనికొస్తాయని దాచుకోవచ్చా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: దాచకండి. పొయెటిక్స్ 2,000 దాటి నిలవవు, ఆపైన వచ్చినవి వచ్చినట్టే పోతాయి. మీకు మిగిలింది 300 ఖాళీ. పైగా ట్రయల్‌లో మార్కెట్ బోర్డు (ఆటగాళ్లు సరుకు అమ్ముకునే చోటు) వాడనివ్వరు, గిల్ (ఆటలోని డబ్బు) కూడా 3 లక్షల దగ్గర ఆగిపోతుంది. మంచి గేరు కొనాలంటే మీకు దారి పొయెటిక్సే.

ముందు అసలు లోపం ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది నగల్లో ఉంటుంది. చెవిపోగులు, గొలుసు, కంకణం, రెండు ఉంగరాలు కలిపి ఐదు స్లాట్లు. సగటు కోసం మొత్తాన్ని 12తో భాగిస్తారు, డాలు లేని ఆయుధాన్ని రెండుసార్లు లెక్కేస్తారు (ఆయుధం 2, కవచం ముక్కలు 5, నగలు 5). ఆయుధం, కవచం అంతా 115లో ఉండి నగలు మాత్రం ఎప్పటివో 50లో ఉన్నాయనుకోండి: 115×7 + 50×5 = 1,055. సగటు 87. కవచం చూసుకుని మురిసిపోతుంటే ఉంగరాలు ముంచేశాయన్నమాట. ఆ ఐదింటికీ ముందు డంజన్లలో దొరికినవి తగిలించండి, పొయెటిక్స్ ఆయుధానికి పెట్టండి. ఆయుధం 40 పెరిగితే సగటు 6 పైచిలుకు పెరుగుతుంది, ఉంగరం అంతే పెరిగితే 3 చిల్లర. దెబ్బ బలం సంగతి చెప్పనే అక్కర్లేదు.

దుకాణం మోర్ ధోనాలో ఉంది. అక్కడి ఆగ్మెంటెడ్ ఐరన్‌వర్క్స్ సెట్ ఐటమ్ లెవెల్ 130. ఇదే పద్ధతి ప్రతి పది లెవెళ్లకూ వస్తుంది: 60లో ఇడిల్‌షైర్ (270), 70లో రాల్గర్స్ రీచ్ (400). ట్రయల్ అక్కడితో సరి. ఆట కొన్నాక 80లో యూల్మోర్ (530), 90లో రాడ్జ్-అట్-హాన్ (660). ప్రతి సెట్టూ తర్వాతి విస్తరణలో మొదటి కొన్ని లెవెళ్లు గట్టెక్కిస్తుంది, ఆ తర్వాత డంజన్లలో దొరికేదే మెరుగు. కాబట్టి వీటికి ఖరీదైన మటీరియా (గేరు బలం పెంచే రాళ్లు) పొదగడం దండగ.

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 14లో లెవెల్ 100 అయ్యాను. వారానికి 450 టోమ్‌స్టోన్లే ఇస్తున్నారు. వాటితో పూర్తి గేరు సెట్ కొనాలంటే ఎన్నాళ్లు?
– హనుమకొండ పాఠకురాలు

జవాబు: చొక్కా, ప్యాంటు 825 చొప్పున. తల, చేతులు, పాదాలు 495 చొప్పున. నగ ఒక్కోటి 375, ఆయుధం 500. ఒకే టోమ్ ఉంగరాన్ని రెండు వేళ్లకూ పెట్టుకోనివ్వరు గనక నగలు నాలుగే లెక్క. మొత్తం 5,135. అంటే 12 వారాలు. ఒక వారం మానేస్తే ఆ 450 మళ్లీ రావు.

ఆయుధానికి టోమ్‌స్టోన్లతో పాటు సాధారణ రెయిడ్ (పెద్ద జట్టు పోరాటం) చివరి అంకం టోకెన్లు 7 కావాలి, వారానికి ఒక్కటే ఇస్తారు. ఏడో వారం దాకా అది చేతికి రాదు. చాలామంది 500 పక్కన పెట్టేసి, టోకెన్ల సంగతి ఐదో వారంలో గుర్తుచేసుకుంటారు. మీరు మొదటి మంగళవారం నుంచే టోకెన్ పట్టండి, టోమ్‌స్టోన్లు మాత్రం ముందు చొక్కాకి పెట్టండి.

ప్యాచ్ (ఆట అప్‌డేట్) కాలం చివర్లో చేరినవాళ్లు మాత్రం ఈ పరుగు పెట్టక్కర్లేదు. 2025లో 7.2 ప్యాచ్ రాగానే అంతకుముందు వారానికి 450 మాత్రమే ఇచ్చిన హీలియోమెట్రీ అనే టోమ్‌స్టోన్‌కి వారపు పరిమితి ఎత్తేశారు. నిన్నటిదాకా వారాల తరబడి కూడబెట్టిన 720 గేరు అప్పుడు కొత్తవాళ్లకు కొద్దిరోజుల పని అయిపోయింది. పాతవాళ్లకు కడుపు మండినా, ఆట ఖాళీ కాకుండా ఉండాలంటే ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం.

ప్రశ్న: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 'ద వార్ వితిన్' సీజన్లో ఎనిమిదో వారం చేరితే మిత్రులను అందుకోగలిగేవాళ్లా?
– డాలస్ నుంచి

జవాబు: క్రెస్టుల (గేరును మెట్టు మెట్టుగా పెంచడానికి ఖర్చుచేసేవి) వరకు అందుకోగలిగేవాళ్లు. వారపు 90 పరిమితి అందులో పోగవుతూ వచ్చేది: ఎనిమిదో వారానికి ఒక్కో రకంలో 720. ఒక మెట్టుకు 15 గనక 48 మెట్లు. గ్రేట్ వాల్ట్ (వారానికోసారి ఇచ్చే బహుమతి పెట్టె) మాత్రం పోగవదు. మిస్సయిన వారం మిస్సయినట్టే.

తొందరపాటు ఎక్కడ జరిగేదంటే, ఛాంపియన్ గేరును 4/8 (ఎనిమిది మెట్లలో నాలుగోది) దాటించడంలో. అక్కణ్ణుంచి రూన్డ్ రకం క్రెస్టులు పట్టేవి, నాలుగు మెట్లకు 60. దానికన్నా పై శ్రేణి అయిన హీరో గేరు 1/6 మొదలయ్యేదే ఛాంపియన్ 5/8 దగ్గర. అలాగని ఆ 60 పూర్తిగా వృథా అయ్యేవి కావు: ఆ స్లాట్‌లో ఒకసారి చేరిన ఐటమ్ లెవెల్ వరకు తర్వాతి వస్తువును పెంచడానికి క్రెస్టులు అడిగేది కాదు, వాలర్‌స్టోన్లు (గేరు పెంచడానికి ఖర్చయ్యే మరో రకం రాళ్లు) చాలేవి. ఉంగరాలకైతే రెండింటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకునేది.

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ వారం మన గడియారంలో ఎప్పుడు మారుతుంది?
– గుంటూరు

జవాబు: మంగళవారం మధ్యాహ్నం 1:30కి. రోజువారీ రూలెట్లు (రోజుకోసారి బోనస్ ఇచ్చే డంజన్ ఎంపికలు) రాత్రి 8:30కి.