అన్‌నోన్ ప్లెజర్స్ నిజంగా అంత గొప్ప ఆల్బమా, లేక టీషర్టు వల్ల వచ్చిన పేరా?

జాయ్ డివిజన్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ తొలి ఆల్బమ్ ఇది, రెండుసార్లు విన్నా ఎక్కలేదు, అందరూ ఎందుకు అంతలా మోస్తారు అని అడిగారు కదా. నాకూ మొదట్లో ఎక్కలేదండి, పైగా నేను పాటలు వినకముందే టీషర్టు కొన్న బ్యాచ్. కోఠీలో రోడ్డు మీద 150కి బేరమాడి తెచ్చుకున్నా, ఆల్బమ్ కవర్ బొమ్మే, నల్ల గుడ్డ మీద తెల్ల గీతలు, ఎక్కడా పేరు లేదు. మా అమ్మ దాన్ని "ఆ ఈసీజీ చొక్కా" అనేది. మరీ తప్పేం కాదులెండి, అదీ ఒక పల్సే, కాకపోతే నక్షత్రానిది. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సార్ (గుండె కొట్టుకున్నట్టు క్రమంగా రేడియో సిగ్నల్స్ పంపే నక్షత్రం) ఉంది కదా, దాని సిగ్నల్ గ్రాఫు. ఏదో ఖగోళశాస్త్రం ఎన్‌సైక్లోపీడియాలో ఉన్న బొమ్మని బ్యాండ్ వాళ్లే తెచ్చిస్తే కవర్ డిజైనర్ పీటర్ సావిల్ రంగులు తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు.

ఇక మీ అసలు ప్రశ్న. 1979 జూన్‌లో వచ్చినప్పుడు ఇదేం పెద్ద హిట్ కాదు. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ అనే చిన్న లేబుల్, మొదట వేసింది 10,000 కాపీలే, మెయిన్ చార్టుల్లోకి రానేలేదు. పత్రికల వాళ్లు మాత్రం అప్పుడే పట్టుకున్నారు, మెలొడీ మేకర్‌లో జాన్ సావేజ్ అయితే ఆ ఏడు వచ్చిన మంచి తొలి ఆల్బమ్‌లలో ఒకటని రాశాడు. 1980 మేలో సింగర్ ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు, 23 ఏళ్లు అంతే, తర్వాత రెండో ఆల్బమ్ క్లోజర్ బాగా అమ్ముడయ్యాక జనం వెనక్కొచ్చి దీన్ని కొన్నారు, అయినా అప్పుడు చార్టులో 71వ స్థానం దాకానే ఎక్కింది. మళ్లీ 2019లో 40 ఏళ్ల ఎడిషన్ వేస్తే బ్రిటన్‌లో టాప్ 5లోకి వచ్చింది చూడండి! కాబట్టి టీషర్టు వల్ల అమ్మకాలు పెరిగి ఉండొచ్చు, పేరు మాత్రం అంతకుముందే ఉంది.

నాకు ఎక్కిన విధానం చెప్తా. ఇంజనీరింగ్ సెకండియర్‌లో కాలేజీ ఫెస్ట్ కోసం ఒక బ్యాండ్ పెట్టాం, గిటార్ వచ్చినోళ్లు ముగ్గురున్నారని నా చేతికి సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ ఇచ్చారు. ఈ ఆల్బమ్‌లోని షీస్ లాస్ట్ కంట్రోల్ పాట చేద్దామన్నారు. నేను తాపీగా కింద తీగల మీద ఏదో వాయించుకుంటూ, ఆ పైన వినిపించే ట్యూన్ గిటార్ వాడి పని కదా అనుకుని కూర్చున్నా, వాడేమో నావైపు చూస్తున్నాడు. రెండు రోజులయ్యాక తెలిసింది ఆ ట్యూన్ బేస్‌దే అని! వాళ్ల బేస్ వాయించే పీటర్ హుక్ ఎందుకలా పైకెళ్లి వాయిస్తాడంటే పక్కన బెర్నార్డ్ సమ్నర్ గిటార్ ఆంప్ మోతకి కింది నోట్లు వాడికే వినపడేవి కావట, పైన వాయిస్తే వినపడేవి, అదే స్టైల్ అయిపోయింది. గిటారేమో అక్కడక్కడా గీరుతుంది అంతే. ఇది అర్థమయ్యాక మొత్తం ఆల్బమ్ కొత్తగా వినిపించింది నాకు.

ఇంకో విషయం, మీకు చప్పగా అనిపించిందంటే బ్యాండ్‌లో సగం మంది మీ పార్టీయే. హుక్, సమ్నర్ ఇద్దరికీ ఈ రికార్డింగ్ నచ్చలేదు. స్టేజీ మీద వీళ్లది ఫుల్ మోత, ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ దాన్నంతా చల్లార్చి గుహలోకి తోసేశాడని కోపం. తర్వాత ఎప్పుడో హుక్ మెత్తబడి హానెట్ మంచి పనే చేశాడని ఒప్పుకున్నాడు. స్టాక్‌పోర్ట్‌లో స్ట్రాబెర్రీ స్టూడియోలో చేశారు ఇదంతా. హానెట్ పిచ్చి మామూలుది కాదు: స్టీఫెన్ మోరిస్ డ్రమ్ముల్ని విడివిడిగా రికార్డ్ చేయించాడు, వాటిని డిజిటల్ డిలేలో (ప్రతిధ్వని తెప్పించే మెషీన్) వేశాడు, ఇన్‌సైట్ పాట మొదట్లో వినిపించేది స్టూడియో లిఫ్ట్ చప్పుడు, షీస్ లాస్ట్ కంట్రోల్‌లో ఆ "చ్స్ చ్స్" స్ప్రే డబ్బా నొక్కిన శబ్దం. అదే పాట వెనకున్న సంగతి తెలిశాక మాత్రం నేను కాసేపు ఆపేశా, కర్టిస్ ఉద్యోగం చేసేచోటికి వచ్చే ఒకమ్మాయికి మూర్ఛ ఉండేది, ఆమె చనిపోయింది, ఆమె మీద రాశాడు. ఆల్బమ్ తీసేనాటికి తనకే మూర్ఛ అని డాక్టర్లు చెప్పేశారు.

ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం ఇది చచ్చినా ఎక్కదు, ఎందుకంటే ఇందులో వినాల్సింది వాయిద్యాల మధ్య ఖాళీ, అది స్పీకర్‌లో రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డిజార్డర్, తర్వాత షాడోప్లే వినండి, కష్టమనిపిస్తే క్యాండిడేట్ ప్రస్తుతానికి వదిలేయండి (ఫ్యాన్స్ తిడతారు, తిట్టనీయండి). చివరి పాట ఐ రిమెంబర్ నథింగ్ మాత్రం అర్ధరాత్రి వద్దు. అందులో గాజు పగిలే చప్పుడు ఉంటుంది, హాస్టల్లో మొదటిసారి విన్నప్పుడు రూమ్మేట్ గ్లాసు పడేశాడనుకుని లేచి లైటేశా, వాడు ముసుగు తీసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.