ముందు మన కౌంటర్ దగ్గర నిలబడు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. బెంచ్‌మార్కింగ్, అంటే మన పనిని బాగా చేసేవాళ్ల పనితో పోల్చి నేర్చుకునే పని, వీసీగారు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. మూడు యూనివర్సిటీలతో పోల్చి ఆరు నెలల్లో రిపోర్టు ఇవ్వాలన్నారని టెన్షన్ పడుతున్నావు. నువ్వు పంపిన లిస్టులో పరిశోధన, హాస్టళ్లు, లైబ్రరీ, పరీక్షలు, ప్లేస్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. అన్నీ నెత్తికెత్తుకుంటే ఏదీ తెమలదు. ఒక్కటి పట్టుకో. నన్నడిగితే సర్టిఫికెట్ల పని పట్టుకో. అమెరికాకో కెనడాకో వెళ్లే పిల్లలు ట్రాన్స్‌క్రిప్టుల (కోర్సు మొత్తం మార్కులు చూపే అధికారిక పత్రాల) కోసం ఎన్నిసార్లు తిరుగుతున్నారో నువ్వు రోజూ చూస్తున్నదే.

ర్యాంకులతో మాత్రం మొదలుపెట్టకు. కేంద్ర విద్యాశాఖ యూనివర్సిటీలకూ కాలేజీలకూ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి. మనం ఎన్నో మెట్టు మీద ఉన్నామో అవి చెప్తాయి. పై మెట్టు మీదున్నవాళ్లు ట్రాన్స్‌క్రిప్టు ఎలా ఇస్తున్నారో చెప్పవు. నీకు కావాల్సింది అది.

పక్కవాళ్ల దగ్గరికి వెళ్లేముందు మన ఇల్లు చూసుకో. మొదటిసారి నేను ఇక్కడే తప్పు చేశాను. మా లెక్క తీసుకోకుండానే వేరే ఊరు వెళ్లాను. అక్కడి యూనివర్సిటీ పరీక్షల కంట్రోలర్‌గారు "మీకెన్ని రోజులు పడుతోంది మాస్టారూ?" అంటే చెప్పలేకపోయాను. తిరిగొచ్చాక ఒక అబ్బాయి దరఖాస్తు వెంట పడ్డాను. సోమవారం పొద్దున చలానా కట్టి కౌంటర్‌లో ఇచ్చాడు. ఇన్‌వర్డ్ నంబరు పడింది. బుధవారం దాకా అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే కట్ట నిండితేగానీ అటెండర్ పైకి తీసుకెళ్లడు. పైన పాత మార్కుల రిజిస్టరున్న బీరువా తాళం ఒక్కరి దగ్గరే ఉంది, ఆయన సెలవులో ఉన్నారు. తర్వాత సంతకం, ఆ తర్వాత సీలు, మళ్లీ ఇంకో సంతకం. మొత్తం 19 రోజులు. అందులో ఆ కాగితం మీద నిజంగా పని జరిగింది గంట కూడా లేదు. ఏ టేబుల్ మీదికి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు కదిలిందో నోటుబుక్కులో రాసుకున్నాను. నువ్వు కనీసం 30 దరఖాస్తులకు అలా రాయి.

'రోజులు' అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకో. చలానా కట్టిన రోజు నుంచా, ఫైలు సెక్షన్‌కి చేరినప్పటి నుంచా? సెలవులు కలుపుతావా? ఒక యూనివర్సిటీవాళ్లు "మాకు మూడు రోజులే" అన్నారు. ఆరా తీస్తే, అది చివరి టేబుల్ మీద పట్టిన మూడు రోజులు.

పోల్చుకునేవాళ్లు మనలాంటివాళ్లై ఉండాలి. వందల అనుబంధ కాలేజీలున్న మనం ఐఐటీతో పోల్చుకుంటే నేర్చుకునేది తక్కువ. అయితే మూడోది యూనివర్సిటీయే కానక్కర్లేదు. జిరాక్స్ కంపెనీ 1980ల మొదట్లో గోదాముల పని మెరుగు చేసుకోవడానికి, బట్టలూ బూట్లూ పోస్టులో అమ్మే ఎల్.ఎల్.బీన్ అనే కంపెనీ దగ్గరికి వెళ్లింది. నువ్వు ఒక పూట పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కూర్చో. టోకెన్ తీసుకున్న మనిషి ఏ, బీ, సీ కౌంటర్లు దాటి బయటికి వచ్చేదాకా ఎక్కడ ఏం తేలుస్తున్నారో గమనించు.

ఉత్తరం రిజిస్ట్రార్‌గారి ద్వారానే వెళ్లాలి. దాంతోపాటు మన లెక్కలు, అవి బాగోకపోయినా సరే, ముందుగా పంపించు. వాళ్ల లెక్కలు మనం పత్రికలకు ఇవ్వబోమని రాసివ్వు. అప్పుడే వాళ్లూ దాచుకోకుండా మాట్లాడతారు. స్పాట్ వాల్యుయేషన్ జరిగే రోజుల్లో వెళ్లకు, పలకరించే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

వెళ్లేటప్పుడు ఇద్దరు ప్రొఫెసర్లను వెంటేసుకోవద్దు. సెక్షన్‌లో పనిచేసే మనిషిని తీసుకెళ్లు. టీఏ, డీఏ గురించి గట్టిగా అడుగు, ఇప్పించు. నాతో వచ్చిన సీనియర్ అసిస్టెంట్ వాళ్ల బీరువాలు చూసి, "వీళ్లు హాల్‌టికెట్ నంబర్ల వరుసలో పెట్టారు సార్, మనం పాసైన సంవత్సరం ప్రకారం పెట్టాం" అన్నాడు. సప్లిమెంటరీ రాసినవాళ్ల కాగితాలు మాకెందుకు దొరికేవి కావో ఆ ఒక్క మాటతో అర్థమైంది. నేనొక్కణ్ణే వెళ్లుంటే ఆ బీరువాల వంక చూసేవాణ్ణి కాదు.

రిపోర్టులో ఏ ఉద్యోగినీ తప్పుపట్టకు. రెండు మార్పులు అడుగు, ఆర్డరు వేయించు. మూడు నెలలాగి మళ్లీ 30 దరఖాస్తుల వెంట తిరగాలని ఆ ఆర్డరులోనే రాయించు.

నా నోటుబుక్కు ఇంకా ఉంది. ఆదివారం ఇంటికొస్తే ఇస్తాను. గళ్లు ఎలా గీసుకున్నానో చూస్తే నీకు వారం రోజుల పని కలిసొస్తుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు