నల్లరేగడిలో పునాది: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నంద్యాల దగ్గర నల్లరేగడి స్థలంలో జీ ప్లస్ వన్ ఇల్లు కట్టాలనుకుంటున్నాం. ఐదడుగులు తవ్వి, ఫుటింగుల్లో (స్తంభాల అడుగున వేసే కాంక్రీటు దిమ్మెల్లో) స్టీలు కాస్త ఎక్కువ వేస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. పక్కింటివాళ్లూ అలాగే వేశారు. వాళ్ల గోడలు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగిలాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఐదడుగులతో ఆగిపోకండి. స్టీలు పెంచితే ఫుటింగ్ గట్టిపడుతుంది గానీ దాని కింది నేల కదలడం మానదు. రేగడిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. ఇంటి నడుమ తేమ పెద్దగా మారదు, అంచుల్లో మాత్రం ఎండకూ వానకూ మారిపోతుంది. దాంతో పునాది ఒకచోట లేస్తే మరోచోట దిగుతుంది. గోడలో కిటికీ మూల బలహీనం కాబట్టి అక్కడే ముందు పగులుతుంది.

ముందుగా స్థలం ఎదురెదురు మూలల్లో గుంటలు తీయించి నల్లమట్టి ఎంత లోతుందో చూడండి. మట్టిని ల్యాబ్‌కు పంపి, అది ఎంత ఉబ్బుతుందో కొలిచే ఫ్రీ స్వెల్ పరీక్ష చేయించండి. పది గ్రాముల పొడిమట్టిని నీళ్లున్న కొలజాడీలో, మరో పది గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో 10 మి.లీ., నీళ్లలో 18 మి.లీ. వస్తే ఉబ్బు 80 శాతం. 50 దాటితే జాగ్రత్త పడాలి, 100 దాటితే ప్రమాదకరమే.

ఆరేడు అడుగుల్లో మొరం తగిలితే నల్లమట్టిని పూర్తిగా దాటి, మొరంలోకి కనీసం అడుగు దిగాకే ఫుటింగ్ వేయండి. చివరి అరడుగు తవ్విన రోజే బెడ్ కాంక్రీటు పడాలి. గుంతను రోజుల తరబడి తెరిచి ఉంచితే అడుగు ఎండిపోతుంది, లేదా నానిపోతుంది.

నల్లమట్టి ఇంకా లోతుంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపి పోసే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) మేలు. కనీసం 3.5 మీటర్ల లోతు, 30 సెం.మీ. కాండం, అడుగున దానికి రెండున్నర రెట్లు, అంటే 75 సెం.మీ. బల్బు. పైమట్టి ఉబ్బి పైల్‌ను పైకి లాగినా తేమ మారని లోతులో ఉన్న బల్బు లేవనివ్వదు. ఈ లాగుడును తట్టుకోవాలి కాబట్టి రాడ్లు పైనుంచి అడుగుదాకా ఉండాలి. ఎన్ని పైల్స్, ఎంత స్టీలు అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేయాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ప్లింత్ బీమ్‌ను (పైల్స్ మీద, గోడల కింద వచ్చే దూలాన్ని) నేల మీదే పోయడం. దాని కింద 80 మి.మీ. ఖాళీ వదలాలి. లేదంటే కింది మట్టి ఉబ్బి బీమ్‌ను నెడుతుంది, పైల్స్ కోసం పెట్టిన ఖర్చంతా వృథా.

బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి గచ్చు కింద, తవ్విన నల్లమట్టినే తిరిగి నింపనివ్వకండి. ఉత్త ఇసుకా వద్దు, అది నీటిని పట్టి కింది రేగడికి అందిస్తుంది. మొరం తెచ్చి, అరడుగు మందాన పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. ఇంటి చుట్టూ ఆరడుగుల వెడల్పున, బయటికి వాలుగా అప్రాన్ (నీళ్లు ఇంకకుండా వేసే గచ్చు) వేయించండి. ఇంకుడు గుంత, వేప, రావి చెట్లు ఇంటికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: ఫుటింగ్‌కు 1:1½:3 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు సరిపోతుందా? మ్యాట్ (రాడ్ల జాలీ) కింద రాళ్లు పెడితే చాలా?

జవాబు: ఆ పాళ్లకు వచ్చేది ఎం20 అనే బలం గ్రేడు. మట్టిలో ఉండే ఆర్‌సీసీకి ఐఎస్ 456 (కాంక్రీటుకు భారత ప్రమాణం) అంతకంటే పై గ్రేడు, కనీసం ఎం25 అడుగుతుంది కాబట్టి డిజైన్ మిక్స్ (ల్యాబ్‌లో పాళ్లు లెక్కగట్టిన కాంక్రీటు) తీసుకోండి. సైట్‌లోనే కలిపితే 50 కిలోల బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పోయడానికి తేలికని నీళ్లు పెంచడం వల్లే బలం పోతుంది. కింద నాలుగంగుళాల 1:4:8 బెడ్, దాని మీద 50 మి.మీ. కవర్ బ్లాకులు, ఆపైన మ్యాట్. రాళ్లు జారిపోతే రాడ్లు బెడ్‌కు ఆనుకుని తుప్పు పడతాయి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే కనీసం పది రోజులు తడపాలి.

ప్రశ్న: మా పాత ఇంటి పగుళ్లు వేసవిలో విచ్చుకుని వానల్లో మూసుకుంటున్నాయి. సిమెంటుతో పూడ్చేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. కదులుతున్న పగులును గట్టి సిమెంటుతో నింపితే పక్కన మరోటి వస్తుంది. పగులు కొసల దగ్గర పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి, నెలకోసారి వెడల్పు కొలవండి. ఈలోగా కారే కుళాయి, గోడవార పడే డాబా నీళ్లు, పగిలిన డ్రైనేజీ పైపు సరిచేసి అప్రాన్ వేయించండి. పూర్తి ఏడాది గడిచాక కూడా కొలత మారుతూనే ఉంటే, ఆ కాగితంతో స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి.