పిచ్ ల్యాప్ పోసేటప్పుడు అద్దానికి ఏం పూయాలి?

ప్రశ్న: దూరదర్శిని కోసం ఆరంగుళాల అద్దాన్ని ఇంట్లోనే తయారుచేసుకుంటున్నాను. కార్బోరండంతో సానపట్టడం పూర్తయింది. పాలిష్ పట్టే ల్యాప్ (అద్దాన్ని రుద్దే పిచ్ పొర) తయారుచేయడానికి ప్లాస్టర్ టూలు, అంటే గుండ్రని దిమ్మ మీద పిచ్ (తారులాంటి బంక) కరిగించి పోసి, దానిపై అద్దాన్ని అదిమితే గట్టిగా అంటుకుపోయింది. విడదీసేసరికి సగం పిచ్ అద్దంతోపాటు లేచి వచ్చింది. ఒకరు కొబ్బరినూనె, ఒకరు వాజిలీన్, మరొకరు అచ్చులకు కొట్టే సిలికాన్ స్ప్రే పూయమంటున్నారు. వీటిలో ఏది మంచిది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మూడింటిలో ఏదీ వద్దు. అద్దానికీ పిచ్‌కీ మధ్య ఉండవలసింది నీటి పొర మాత్రమే. ఆ పొర చెదరకుండా గాజు అంతటా పరుచుకోవడానికి నీటిలో సీరియం ఆక్సైడ్‌ను (గాజును పాలిష్ చేసే పొడి) పలుచని మజ్జిగంత చిక్కగా కలిపి, గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు. సానపట్టిన గాజుకు నీరు బాగా పడుతుంది, పిచ్‌కు పట్టదు. మధ్యలో నీరు ఉన్నంతసేపు ఆ రెండూ ఒకదానినొకటి అంటుకోవు.

ఈ పద్ధతి కొత్తది కాదు. న్యూటన్ 1704లో వెలువరించిన ‘ఆప్టిక్స్’లో తాను లోహదర్పణాన్ని పాలిష్ చేసిన తీరును వివరిస్తూ, ఆరంగుళాల కుంభాకార రాగి పలకపై కరిగిన పిచ్‌ను చుక్కలుగా వేసి, అది మెత్తగా ఉండగానే తడిపిన పుటాకార రాగి పలకతో రుద్ది సమంగా పరిచినట్లు రాశారు. అక్కడ కూడా తడి అంటే నీళ్ళే.

నూనె ఎందుకు పనికిరాదంటే, ల్యాప్ పని పోతపోయడంతో ముగియదు. ఆ తరువాత గంటల తరబడి అది సీరియం కలిసిన నీటిని తన ముఖంపై నిలుపుకోవాలి, సీరియం రేణువులు పిచ్‌లో కొద్దిగా దిగబడి గాజును నునుపు చేయాలి. జిడ్డు పట్టిన పిచ్‌పై నీరు ముత్యాలుగా విడిపోతుంది. పైగా గట్టి పిచ్‌ను మెత్తబరచడానికి ఆముదం కలుపుతామన్న సంగతి ఈ పని చేసేవారికి తెలిసిందే; అలాంటప్పుడు ముఖానికి నూనె పూస్తే పైపొర ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా తయారై అద్దం ఆకృతినే చెడగొడుతుంది. వాజిలీన్‌తోనూ ఇదే చిక్కు. సిలికాన్ స్ప్రే అన్నిటికంటే హానికరం: సానపట్టిన గాజుపై ఉండే సన్నని గుంటల్లో చేరితే దాన్ని పూర్తిగా వదిలించడం కష్టం, అది మిగిలిపోతే చివర అల్యూమినియం పూత వేయించినప్పుడు ఆ పూత గాజును సరిగా పట్టుకోదు.

సబ్బు విషయంలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక జాగ్రత్త ఉంది. వరంగల్ చుట్టుపక్కల చాలా బోర్ల నీరు కఠినజలం. అందులో స్నానపు సబ్బు కలిపితే తెల్లని తరకలు ఏర్పడి, అవే జిడ్డుగా పిచ్‌కు పట్టుకుంటాయి. గిన్నెలు తోమే ద్రవాలు డిటర్జెంట్లు కనుక వాటితో ఈ ఇబ్బంది ఉండదు. నీరు మాత్రం ఫిల్టరుదే వాడండి, బోరునీటిలో వచ్చే ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి.

అయితే ఏం పూశామన్నదానికంటే ఎప్పుడు, ఎంత వేడిలో అదిమామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. పిచ్ పొగలుగక్కేంత వేడిగా ఉండగా తడి అద్దాన్ని పెడితే నీరు ఆవిరై పొర తెగిపోతుంది, పిచ్ నేరుగా గాజును తాకుతుంది. మీ విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు. పోసిన పిచ్ జారడం మాని, నెమ్మదిగా మాత్రమే కదిలే స్థితికి వచ్చేదాకా ఆగండి. ఈలోగా అద్దాన్ని గోరువెచ్చని నీటిలో ఉంచి, వేడినీరు కొద్దికొద్దిగా చేరుస్తూ 45 డిగ్రీల దాకా తీసుకురండి; చల్లని గాజును వేడి పిచ్‌పై ఒక్కసారిగా పెడితే పగిలే ప్రమాదం ఉంది, మామూలు కిటికీ గాజు రకమైతే మరీను. సీరియం నీటిని కుంచెతో అద్దమంతా పూసి, తేలికగా ఆనించి, ఎక్కడా ఆపకుండా చిన్న వలయాలుగా తిప్పండి. కొద్దిసేపటికి పక్కకు జార్చి తీయాలి, నిట్టనిలువుగా ఎత్తకూడదు. మళ్ళీ పూయండి, మళ్ళీ ఆనించండి. అంచుల దాకా పిచ్ పూర్తిగా తగిలేవరకు ఇలాగే చేయాలి. పిచ్ ముఖంపై కాలువలు (గాడులు) కోసే బ్లేడును కూడా అదే నీటిలో ముంచుతుండండి.

సగం పిచ్ అద్దంతోపాటు వచ్చిందన్నారు కదా, అది టూలు వైపు లోపాన్ని కూడా చెబుతోంది. ప్లాస్టర్‌లో తడి మిగిలినా, పైన పొడి రాలుతున్నా పిచ్ దానిని పట్టుకోదు. ప్లాస్టర్‌ను బాగా ఆరనిచ్చి, వార్నిష్ గానీ ఎపాక్సీ గానీ పూసి, అది ఆరిన తరువాత టూలును వెచ్చబరచి, టర్పెంటైన్‌లో కరిగించిన పిచ్‌ను పలుచగా రాసి, ఆపైన పోత పోయండి. టర్పెంటైన్ ఏ పెయింట్ల దుకాణంలోనైనా దొరుకుతుంది, కానీ మంట దగ్గరకు తీసుకెళ్ళకండి. అద్దానికి పూసేది పొరపాటున టూలుకు తగలకుండా చూసుకోవాలి.

ఇకముందు ఎప్పుడైనా అంటుకుంటే స్క్రూడ్రైవర్ దూర్చవద్దు. రెండింటినీ కలిపి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో కాదు; చల్లబడిన పిచ్ పెళుసవుతుంది, అప్పుడు టూలు అంచున చెక్కముక్క ఆనించి పక్కనుంచి తట్టితే విడిపోతుంది. అద్దానికి మిగిలిన పిచ్‌ను టర్పెంటైన్‌తో తుడిచి, డిటర్జెంట్‌తో కడగండి.

ప్రశ్న: ల్యాప్ ఆకారం కుదరడానికి అద్దాన్ని రాత్రంతా దానిపైనే ఉంచవచ్చా? వేసవిలో ల్యాప్ కాలువలు కూడా పూడిపోతున్నాయి.
— ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: ఉంచకండి. నీరు ఆరగానే అద్దం అంటుకుంటుంది. పని మొదలుపెట్టే ముందు సీరియం నీరు పూసి కాసేపు బరువు పెట్టి ఉంచితే సరిపోతుంది, అంచుల చుట్టూ తడిగుడ్డ చుట్టండి. ఇక కాలువలు పూడటానికి కారణం మీ గదిలోని వేడికి పిచ్ మరీ మెత్తగా ఉండటమే. పగలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో శీతాకాలపు పిచ్ నిలవదు. పిచ్‌ను మళ్ళీ కరిగించి కొంచెం రోజిన్ (పైన్ చెట్ల బంక నుంచి వచ్చే గట్టి పదార్థం) కలపండి, లేదా గుగోల్జ్ అనే తయారీ పిచ్ వాడుతుంటే 55, 64లకు బదులు 73 తీసుకోండి, సంఖ్య పెరిగేకొద్దీ అది గట్టిది. పని చేసే గది వేడిలోనే బొటనవేలి గోటితో ఓ మాదిరిగా నొక్కి చూడండి. కొన్ని క్షణాలకు గాని నొక్కు పడకూడదు. కూలర్ ఎదురుగా మాత్రం పాలిష్ చేయవద్దు, అది చల్లదనంతోపాటు వీధి దుమ్మును కూడా ల్యాప్ మీదకు తెస్తుంది.