ఇనుము చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి మెటలర్జీలో బీటెక్ మూడో సంవత్సరం. స్విట్జర్లాండ్‌లో ఇనుము చరిత్ర కోసమే ఓ లైబ్రరీ ఉందట. బీటెక్ ఆపేసి లైబ్రరీ సైన్స్‌లో చేరతానని, అలాంటి చోటే పనిచేస్తానని పట్టుబడుతోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: ఆ లైబ్రరీ నిజంగానే ఉందండీ. పేరు ఐజెన్‌బిబ్లియోటెక్, అంటే జర్మన్‌లో ఇనుము లైబ్రరీ. షాఫ్‌హౌజన్ దగ్గర, రైన్ నది ఒడ్డున, ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినులు ఉన్న మఠంలో జార్జ్ ఫిషర్ అనే స్విస్ ఇంజనీరింగ్ కంపెనీ 1948లో దాన్ని పెట్టింది. కాకపోతే అలాంటి లైబ్రరీలు ప్రపంచంలోనే చాలా తక్కువ, ఖాళీలు ఇంకా తక్కువ. పైగా జర్మన్ రావాలి, ఉద్యోగాల్లో అక్కడివాళ్లకూ యూరప్ వాళ్లకే ముందు అవకాశం. ఆ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. ఇష్టాన్ని మాత్రం చంపకండి.

బీటెక్ ఆపనివ్వొద్దు. ఈ రంగంలో ఆమెకున్న అసలు బలం అదే. ఉదాహరణకు, 1556లో లాటిన్‌లో అచ్చయిన జర్మన్ పండితుడు అగ్రికోలా గ్రంథం ‘డి రే మెటాలికా’లో గనులు తవ్వడం దగ్గర్నుంచి నీటి చక్రంతో కొలిమి తిత్తులు ఆడించడం దాకా బొమ్మలతో సహా ఉంటాయి. 1912లో దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చింది గనుల ఇంజనీరు హెర్బర్ట్ హూవర్, జియాలజీ చదివిన ఆయన భార్య లూ. ఆయనే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. పాత పుస్తకం చేతికొస్తే చాలదు, అందులోని పని తెలిసినవాళ్లు కావాలి.

బీటెక్ అయ్యాక రెండు దారులున్నాయి. గేట్ రాసి ఎంటెక్ చేసి, ప్రాచీన లోహాల మీద పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. లేదా పుణె డెక్కన్ కాలేజీలో ఆర్కియాలజీ ఎంఏ చేయొచ్చు. లైబ్రరీ సైన్స్ అయితే, డిగ్రీ అయ్యాక చేసే ఏడాది కోర్సే, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యలోనూ ఉంది. జర్మన్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టమనండి, హైదరాబాద్ గోథే జెంత్రమ్‌లో నేర్పుతారు. పురావస్తు శాఖ సైన్స్ విభాగం, మ్యూజియంలు, జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ ఆర్కైవ్స్ లాంటివి చూసుకోవాలి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అంత త్వరగా జీతం మొదలవదు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇంకో మాట. మీకు దగ్గర్లోనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉంది. అక్కడ మూసల్లో (వేడికి తట్టుకునే మట్టి పాత్రల్లో) కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులు వచ్చేవారు. 2010లో బెంగళూరులోని నియాస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్), ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత కొలిముల జాడలు వెతికారు. చేల గట్ల మీద దొరికే చిట్టెం (ఇనుము తీశాక మిగిలే వ్యర్థం) ముక్కను కోసి, పాలిష్ పట్టి మైక్రోస్కోప్ కింద పెడితే, ఆ కొలిమి ఎలా నడిచిందో చాలావరకు తెలుస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టుగా అదే తీసుకోమనండి. తవ్వకాలు మాత్రం వద్దు. నమూనాలు తీసుకునే ముందు కాలేజీ లెటర్‌తో రాష్ట్ర వారసత్వ శాఖ అనుమతి అడగాలి. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ఆ ప్రాజెక్టు రిపోర్టు గురించే ఎక్కువ అడుగుతారు.