పాత సీ-10 పికప్‌కు స్వే బార్లు: ముందుదానితో మొదలుపెట్టండి

మీరు అడిగినవి రెండు విషయాలు. 1969 నాటి షార్ట్ బెడ్ (పొట్టి తొట్టి) షెవ్రొలే సీ-10ను ఎత్తు తగ్గించి నడుపుతున్నారు, మలుపుల్లో బండి బాగా పక్కకు ఒరుగుతోంది కాబట్టి ముందూ వెనుకా ఒకేసారి స్వే బార్లు (కుడి ఎడమ చక్రాలను కలుపుతూ, మెలితిరగడంతో ఒరుగుదలను అడ్డుకునే ఇనుప కడ్డీలు) వేయాలా లేక ఒకటి చాలా అన్నది మొదటిది. సీటు వెనుక ఉండే పెట్రోలు ట్యాంకును తొట్టి కిందికి మార్పించారు గనుక వెనుక బార్‌కు చోటుంటుందా అన్నది రెండవది. టెక్సస్‌లో ఇదే తరానికి చెందిన 1971 నాటి సీ-10ను నేను చాలాకాలంగా నడుపుతున్నాను, రెండు బార్లనూ ఇంటి దగ్గరే బిగించుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముందు బార్ ఒక్కటే వేసి, కొన్ని వారాలు నడిపి, వెనుకదాని సంగతి ఆ తర్వాతే తేల్చుకోండి.

దీనికి కారణం ఈ బండి వెనుక భాగం నిర్మాణంలోనే ఉంది. 1967–72 షెవ్రొలే సీ-10లలో ఎక్కువ వాటికి వెనుక కాయిల్ స్ప్రింగులే ఉంటాయి. మన లారీలకు ఉండే కమాన్ పట్టీల పద్ధతి అన్నింటికీ వచ్చింది 1973 మోడల్‌తోనే. ఛాసిస్ మధ్యలోని అడ్డపట్టీ నుంచి రెండు పొడవాటి ట్రైలింగ్ ఆర్మ్‌లు వెనక్కి వచ్చి యాక్సిల్‌ను యూ-బోల్టులతో గట్టిగా పట్టుకుంటాయి. బండి కిందికి దూరి చూడండి: ఒక్కో ఆర్మ్ రెండు ఇనుప చానెళ్లను వీపులు ఆనించి రివెట్లు కొట్టి చేసినది. బండి ఒరిగినప్పుడు ఈ ఆర్మ్‌లు మెలితిరగాలి, అలా మెలితిరుగుతూనే ఆ ఒరుగుదలను కొంత అడ్డుకుంటాయి. అంటే వెనుక భాగానికి ఎంతో కొంత ప్రతిఘటన పుట్టుకతోనే ఉంది. ముందు భాగానికి బార్ లేకపోతే స్ప్రింగులు తప్ప మరో ఆధారం లేదు, పైగా ఇంజన్ బరువంతా అక్కడే ఉంది.

వెనుక బార్ అతిగా గట్టిదైతే మలుపులో లోపలివైపు వెనుక చక్రం మీద భారం తగ్గిపోతుంది. తొట్టి ఖాళీగా ఉన్న పికప్‌కు అసలే వెనుక బరువు తక్కువ. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (పట్టు తక్కువున్న చక్రాన్ని విడిగా తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న బండిలో ఆ చక్రం ఊరికే తిరగడం మొదలుపెడుతుంది, రోడ్డు తడిగా ఉంటే వెనుక భాగం పక్కకు జారుతుంది. నా వెనుక బార్ చివర్లలో లింకు (బార్ చివరను బండికి కలిపే పొట్టి కడ్డీ) పెట్టుకోవడానికి రెండేసి రంధ్రాలున్నాయి. పరీక్ష కోసం గట్టి రంధ్రంలో, అంటే బార్ ఎక్కువ గట్టిగా పనిచేసే దానిలో పెట్టి, వాన కురిసిన రోజు ఖాళీ తొట్టితో ఫ్రీవే దిగే వంపులో నెమ్మదిగా నడిపినప్పుడు కూడా వెనుక టైర్లు పట్టు వదలబోతున్న సంగతి సీటులోనే తెలిసింది. లింకును మెత్తటి రంధ్రంలోకి మార్చాక ఆ లక్షణం పోయింది. అందుకే వెనుకకు సర్దుబాటు లేని బార్‌ను నేను ఎవరికీ సూచించను.

మందం ఎంచుకునేటప్పుడు ఒక లెక్క తెలిసి ఉండాలి. బార్ గట్టిదనం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది కనుక, 1 అంగుళం బార్‌తో పోలిస్తే 1.25 అంగుళాల బార్, తక్కిన కొలతలన్నీ ఒకటే అయినప్పుడు, దాదాపు 2.44 రెట్లు గట్టిది. బోలు బార్‌ను చూసి సందేహించనక్కర లేదు: బయటి వ్యాసం 1.25 అంగుళాలు, లోపలి వ్యాసం 0.875 అంగుళాలు ఉంటే బరువు సగానికి తగ్గినా గట్టిదనంలో 76 శాతం మిగులుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి ముందు 1.25, వెనుక 1 అంగుళం చాలునని నా అభిప్రాయం.

డబ్బు పెట్టే ముందు పాత భాగాలను పరీక్షించండి. అరిగిన కంట్రోల్ ఆర్మ్ (ముందు చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే చేయి) బుష్‌లు, వదులైన బాల్ జాయింట్లు, స్టీరింగ్ బాక్సులోని వదులుతనం, పనిచేయని షాక్ అబ్జార్బర్లు ఉన్న బండికి బార్ వేస్తే ఒరుగుదల తగ్గుతుంది గానీ నేరుగా వెళ్లేటప్పుడు అటూ ఇటూ లాగడం పోదు. ఎత్తు తగ్గించిన బండిలో యాక్సిల్‌ను పక్కకు కదలకుండా పట్టే పాన్‌హార్డ్ బార్ కోణం మారి, యాక్సిల్ ఒక వైపుకు జరుగుతుంది. దాన్ని సర్దుబాటు చేయగల బార్‌తో మధ్యకు తెచ్చిన తర్వాతే వెనుక స్వే బార్ కొలతలు తీసుకోవాలి.

ఇక బిగింపు. పని మొత్తంలో ముఖ్యమైన నియమం ఏమిటంటే, చివరి బిగింపు బండి బరువు నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. స్టాండ్ల మీద చక్రాలు వేలాడుతుండగా బార్‌ను అమర్చి నట్లను చేతితో మాత్రమే తిప్పి వదిలేయండి. తర్వాత బండిని ర్యాంపుల మీదికి ఎక్కించి, కుడి ఎడమ లింకులు రెండూ బిగువు లేకుండా వాటంతట అవే రంధ్రాల్లోకి దిగుతున్నాయో లేదో చూడండి. ఒకవైపు లింకు తోస్తే గానీ దిగడం లేదంటే బార్ అప్పటికే మెలిపడి ఉందని అర్థం. అలాగే బిగిస్తే బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఒక మూల ఎత్తుగా కనిపిస్తుంది. మామూలు ఎత్తులో లింకు, బార్ చేయి ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా ఉండాలి. లింకు నట్టును రబ్బరు బుష్ ఉబ్బి వాషర్ అంచుకు సమానంగా వచ్చేవరకు తిప్పితే చాలు, అంతకు మించితే బుష్ చీలిపోతుంది. పాలియురెథేన్ బుష్‌లైతే లోపలివైపు కిట్‌తో వచ్చే చిక్కటి గ్రీజు ధారాళంగా పూయండి. పొడిగా బిగించిన బుష్ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కిర్రుమంటుంది. నాకు వచ్చిన ఒక కిట్‌లో బోల్టులు పొట్టివి, లాక్ నట్టులోని నైలాన్ వలయం దాకా మరలు చేరలేదు. వాటిని పక్కన పడేసి గ్రేడ్ 8 (ఎక్కువ బలమైన రకం) బోల్టులు కొన్నాను. మీరూ ప్రతి నట్టు బయట రెండు మూడు మరలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

ముందు బార్ బిగించాక, ఒక లోయర్ కంట్రోల్ ఆర్మ్ కింద జాకీ పెట్టి పైకెత్తి, రెండోది వేలాడుతుండగా స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, బార్ టైరుకు గానీ టై రాడ్‌కు (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీకి) గానీ తగలడం లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

ఫలితం మొదటి మలుపులోనే తెలుస్తుంది. రెండు ముందు చక్రాలూ ఒకేసారి గతుకెక్కితే బార్ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ప్రయాణం గట్టిపడదు. ఒక్క చక్రమే గుంతలో పడితే మాత్రం ఆ కుదుపు రెండో వైపుకూ చేరుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. మరొక మాట: ముందు డిస్క్ బ్రేకులు ఈ బండ్లకు తప్పనిసరిగా వచ్చింది 1971 మోడల్‌తో. మీ 1969 బండికి ఇంకా డ్రమ్ములే ఉంటే, బార్ వేశాక సహజంగా పెరిగే వేగాన్ని ఆ బ్రేకులు ఆపగలవా అని ఆలోచించండి. నేనైతే వెనుక బార్ డబ్బును ముందు డిస్కుల మీద పెడతాను.

మీ ట్యాంకు విషయానికి వస్తే, తొట్టి కిందికి మార్చిన ట్యాంకు సాధారణంగా యాక్సిల్‌కు వెనుక, ఛాసిస్ పట్టాల మధ్య కూర్చుంటుంది. బార్ యాక్సిల్ వెనుకగా సాగే కిట్ దానికి అడ్డం పడుతుంది. యాక్సిల్‌ను పట్టుకుని చేతులు ముందుకు సాగే రకం మీకు నప్పవచ్చు, కానీ అప్పుడు డ్రైవ్ షాఫ్ట్, సైలెన్సర్ గొట్టం దారిలో ఉంటాయి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, యాక్సిల్‌ను జాకీతో బంప్ స్టాప్‌కు (యాక్సిల్ అంతకు మించి పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మకు) తాకే వరకు ఎత్తి కొలవండి. బార్ కదిలే దారికీ ట్యాంకుకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ లేకపోతే నేను ఆ కిట్‌ను ఒప్పుకోను. యాక్సిల్ గొట్టం వెంట ఉక్కు బ్రేక్ పైపు వెళుతుంది. కిట్ యూ-బోల్టు దాని మీద పడుతుందేమో కూడా అప్పుడే చూసి, ఆ కొలతలన్నీ అమ్మేవారికి పంపి సరిపోతుందని రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.